మేష్టారి తట్టకింద కప్ప

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి! నందిగామలో దశరథరామయ్య మేష్టారికి ఏమైందో ముందు వినండి.

ఎనభైల మొదట్లో ఓ శ్రావణమాసం. చినుకు లేదు. ఆ ఎండ చూసి ధైర్యం వచ్చి, మేష్టారు సర్దించడానికని ఇంటి పెంకులన్నీ దింపించారు. పెంకులు సర్దే బాలస్వామి "రేపొద్దున్నే వస్తానండి" అని ముక్త్యాల వెళ్లి మూడు రోజులైంది. బియ్యం బస్తాలూ, మంచాలూ, రేడియో అన్నీ ఆకాశం వంక చూస్తున్నాయి.

ఆదివారం పొద్దున బంతిమొక్కలకు నీళ్లు పోసి, ముక్త్యాల బస్సెక్కుదామనుకున్నారు మేష్టారు. చూస్తే తొట్టి పక్కన ఇంత లావు కప్ప!

వారం నుంచి వీధి ఆడవాళ్లు మునేరు వాగు దాకా గాలించినా వాళ్లకు ఒక్క కప్పా దొరకలేదు. కప్పను రోకలికి కట్టి ఊరేగిస్తే, ఇంటింటా బిందెడు నీళ్లు పోస్తే వాన ఖాయమని వాళ్ల నమ్మకం. మేష్టారికి అలాంటి నమ్మకాలు లేవు. కానీ నెత్తిన పెంకు లేనివాడు ఎందుకొచ్చిన పందెం కాస్తాడు? బాలస్వామి వదిలిపోయిన ఇనప తట్ట చటుక్కున కప్పమీద బోర్లించి, దానిమీద కూలబడ్డారు.

పక్కింటి సుబ్బమ్మ గోడమీంచి తొంగిచూసింది. "ఏంటి మేష్టారూ, అక్కడ కూచున్నారు?"

"నడుం పట్టేసిందమ్మా. లేవలేకపోతున్నా."

అనకుండా ఉండాల్సింది. "ఓ పున్నమ్మా! మేష్టారు పడిపోయారంట!" అని సుబ్బమ్మ కేకేసింది. ఐదు నిమిషాల్లో పెరడు నిండిపోయింది. ఒకామె ఆముదం తెచ్చింది, ఇంకొకామె వేడి ఇటుక తెచ్చింది.

"అవన్నీ ఎందుకు? మన పున్నమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. ఒక్క తొక్కు తొక్కిందంటే నడుం సరైపోద్ది!" అంది సుబ్బమ్మ.

పున్నమ్మ భారీ మనిషి. కుచ్చిళ్లు పైకి దోపి ముందుకొచ్చింది. "బోర్లా పడుకోండి మేష్టారూ, సిగ్గేంటి?"

"పడుకోండి, ఆవిడ అంత ఇదిగా అడుగుతుంటే!" అంది భార్య రత్నమణి.

"వద్దమ్మా, తగ్గిపోయింది!" అంటూ మేష్టారు ఒక్క గెంతు గెంతారు. తట్ట దొర్లింది. కప్ప కూడా గెంతింది.

అందరూ కప్పను చూశారు. తర్వాత మేష్టారిని చూశారు.

"మూడెకరాలకి పోసిన మిరపనారు మాడిపోతందండి," అంది సుబ్బమ్మ. "దాచటానికి మనసెట్టా వచ్చింది?"

మేష్టారు పెంకుల్లేని ఇంటివైపు చెయ్యి చూపించారు. తర్వాత తనే లోపలికెళ్లి రోకలి తెచ్చిచ్చారు.

ఊరేగింపు మూడో గుమ్మం దాటిందో లేదో, జగ్గయ్యపేట వైపు నల్లగా మబ్బు లేచింది. ఉరిమింది!

"అయ్యో, మేష్టారి ఇల్లు!" అని ముందుగా అరిచింది సుబ్బమ్మే. అంతా పరిగెత్తుకొచ్చి, కప్పను బంతిమొక్కల్లో వదిలేశారు. మొగుళ్లు వాసాలెక్కారు, ఆడవాళ్లు చేతులు మార్చుకుంటూ పెంకులందించారు. పున్నమ్మ ఒక్కతే నలుగురి పని చేసింది. రెండు గంటల్లో ఇల్లంతా పెంకు పరుచుకుంది. మేష్టారికి కళ్లు చెమర్చాయి.

ఆఖరి పెంకు పెట్టగానే, నెత్తిమీదికొచ్చిన మబ్బు మెల్లగా జి.కొండూరు వైపు జరిగిపోయింది. ఒక్క చుక్క రాలితే ఒట్టు.

సుబ్బమ్మ ఆకాశాన్నీ, ఇంటినీ మార్చి మార్చి చూసింది. "మేష్టారూ, ఏమనుకోకండి. పెంకులు లేనంతసేపూ మబ్బు మన నెత్తిమీదికే వచ్చిందండి. పెట్టగానే పోయింది. కాసిని... మళ్లీ దించుదామా?"

పెంకుల ఎర్రదుమ్ము చేతులతో వీధి వీధంతా ఆయన వంకే చూస్తోంది. నిచ్చెన ఇంకా గోడకే ఆనించి ఉంది.

మీరైతే ఏం చేస్తారు?