ఒక్క తిప్పుతో ఎండిన చెరువు

సోమవారం ఉదయం చెరువు కాపలాదారు ఒక మంచి ఫోటో తీసి, తొమ్మిదింటికల్లా ఆఫీసుకు పంపి, ఆ తర్వాత టీ తాగుదామనుకున్నాడు. సాయంత్రం దాకా టీ మాట గుర్తే రాలేదు.

ఊరికి తాగునీరిచ్చే చెరువు అది. మెట్ల పక్కన నీళ్ళలో అడుగుల లెక్కన అంకెలు చెక్కిన రాతి స్తంభం ఉంది. నీటి పైన కనబడే అంకెల్లో అన్నిటికంటే చిన్నది ఏదో, ఆ వారానికి అదే నీటిమట్టం. ఇంజనీరు చెరువు దగ్గరికి రాడు. ఫోటోలో అంకె చూసి రాసుకుంటాడు. కాపలాదారు పని పన్నెండేళ్ళుగా తాత్కాలికమే. ఈ నెల ఖాయం చేస్తామన్నారు. అందుకే ఈసారి ఫోటో బాగా రావాలని అతని పట్టుదల.

ఎప్పుడు తీసినా నీటి మీద ఆకాశం మెరిసి సగం ఫోటో తెల్లగా వచ్చేది. కళ్ళజోళ్ళ కొట్టు నడిపే బావమరిది ఆదివారం ఒక పోలరైజింగ్ ఫిల్టర్ తెచ్చి కెమెరాకు బిగించాడు.

"మెరుపును మింగేసే అద్దం బావా. మీ ఇంజనీరుకు ఈ రకం అద్దాలతోనే నల్ల కళ్ళజోడు చేసిచ్చా. ఎండ నీకు పక్కనుంచి రావాలి, వెనకనుంచి కాదు. ఈ చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చూడు."

కాపలాదారు తిప్పాడు. ఫిల్టర్ ఊడి చేతిలోకి వచ్చింది.

"మెల్లగా అన్నా. సీసా మూత కాదది."

సోమవారం ఎండ కుడిపక్క నుంచి వచ్చేలా నిలబడ్డాడు. తిప్పాడు. ఆకాశం నీలం చిక్కబడింది. ఇంకాస్త తిప్పాడు. నీటి మీద మెరుపు మొత్తం పోయింది. అడుగున రాళ్ళు, ఒక రాయి మీద నత్త, స్తంభం మొదలు దాకా అన్ని అంకెలూ కనబడ్డాయి. తన చెరువు ఇంత అందంగా ఉంటుందని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. ఫోటో తీసి పంపేశాడు.

పది నిమిషాల్లో ఇంజనీరు ఫోను చేశాడు.

"ఏమిటయ్యా ఇది? అడుగు కనబడుతోంది."

"అవును సార్. నిన్నటి నుంచీ దాని మీదే ఉన్నా."

"ఒక్కడివే చేశావా?"

"మా బావమరిది సాయం చేశాడు సార్. ఒక్క తిప్పు. మొత్తం మాయం."

అవతల ఠక్కున ఫోను పెట్టేశాడు. సంతోషంతో నోట మాట రాలేదేమోననుకున్నాడు కాపలాదారు.

ఇంజనీరు ఊళ్ళో కొళాయిలన్నీ కట్టేయించాడు. అరగంటలో కాపలాదారు భార్య ఖాళీ బిందెతో వచ్చింది.

"ఊరంతా మీ పేరే. చెరువు అమ్మేశారటగా?"

"ఎవరికి?"

"నన్నడుగుతారేం? అదేదో చెబితే వాళ్ళింటికే పోయి బిందె నింపుకుంటా."

అంటూనే చెరువు వైపు చూసింది. బిందె ముంచింది. నిండింది.

"ఇవి నీళ్ళే కదండీ?"

"నీళ్ళే."

అంతలో జీపు వచ్చి ఆగింది. ఇంజనీరు దిగాడు. ఒక చేతిలో ఫోటో. ఇంకో చేతిలో కాపలాదారును పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం. కళ్ళకు నల్ల కళ్ళజోడు.

"చెరువేదయ్యా?"

"ఎదురుగానే ఉంది సార్."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? రాళ్ళు కనబడుతున్నాయి. అదిగో, నత్త కూడా."

"సార్, అక్కడ..."

"నువ్వు మాట్లాడకు."

కాపలాదారు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. అంకెలు దగ్గరగా చూద్దామని ఇంజనీరు గబగబా మెట్లు దిగి, రాళ్ళ మీద అడుగు వేశాడు.

రాళ్ళు అందలేదు. బుడుంగున మునిగి, లేచి, స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాడు. కళ్ళజోడు మునిగిపోయింది. కాగితంలో సిరా నీళ్ళలో కలిసిపోయింది. ఆయన చుట్టూ ఎండకు నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి. కళ్ళు చికిలించి చూశాడు. గడ్డం కింద అయిదు అంకె.

కాపలాదారు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొళాయిలు విప్పించేస్తా," అన్నాడు ఇంజనీరు నీళ్ళలోంచే. "నీ ఉద్యోగం ఖాయం. ఈ సంగతి మాత్రం నోరు విప్పి ఎవరికీ చెప్పకు."

కాపలాదారు ఎవరికీ చెప్పలేదు. కానీ వారం నివేదికలో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. 'నీటిమట్టం' దగ్గర అయిదు అడుగులని రాశాడు. 'దేనితో కొలిచారు' అన్న చోట, "ఇంజనీరు గారితో" అని రాశాడు.