ఎనభై ఎకరాల విశ్రాంతి

గురువారం ఉదయం డెల్మర్ వేసుకున్న లెక్క చిన్నదే. మర్నాడు వ్యవసాయ ఆఫీసు నుంచి కర్టిస్ వచ్చి, ఇంటి వెనక ఎనభై ఎకరాల గడ్డి ఒప్పందం పొడిగించడం గురించి మాట్లాడతాడు. ఆ నేల దున్నకుండా వదిలేసినందుకు ప్రభుత్వం పదేళ్లుగా ఆయనకు డబ్బిస్తోంది. దున్నితే పుచ్చుకున్నదంతా వడ్డీతో తిరిగి కట్టాలి. ఈ సంగతి భార్య లోర్నాకి తప్ప నెబ్రాస్కా రాష్ట్రంలో ఎవరికీ తెలియదు. కాఫీ హోటల్లో కూర్చుని, సర్కారు సొమ్ము తినే రైతుల్ని రోజూ తిట్టేది డెల్మరే మరి. గడ్డి సంగతి ఎవరైనా అడిగితే "నేలకి విశ్రాంతి" అనేవాడు.

చిక్కల్లా ఒకటే. చర్చి పైకప్పు బాగుచేసేదీ ఆ శుక్రవారమే, మగవాళ్లంతా వెళ్లాల్సిందే.

"నడుము పట్టేసిందని ఒపాల్‌కి చెప్పు," అన్నాడు వేయించిన గుడ్డు మీద మిరియాలు చల్లుకుంటూ.

"అబద్ధం నీదీ, ఫోను నాదీనా?"

"నేను చేస్తే గొంతు మరీ కులాసాగా వినిపిస్తుందే!"

ఎవరికైనా జబ్బు చేస్తే చర్చివాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ప్రార్థిస్తారు. మొదటి ఫోను ఒపాల్‌ది. ఆమె విన్నది నడుము నొప్పి. మూడో ఇంటికి వెన్నుపూస జరిగింది. ఏడో ఇంట్లో ఆపరేషన్ అయిపోయింది. చివరి ఇల్లు పక్క పొలం వెండెల్‌ది. అక్కడికి చేరేసరికి డెల్మర్‌కి రెండు కాళ్లూ పడిపోయాయి. సాయంత్రానికల్లా పరామర్శగా మూడు పళ్లాల నిండా చికెనూ నూడుల్సూ వచ్చాయి. రాత్రి వంట ఖర్చు మిగిలిందని డెల్మర్ మంచం మీదే సంతోషించాడు.

తెల్లారి పెద్ద చప్పుడైతే లోర్నా కర్టెన్ తీసి చూసింది.

"డెల్, తొమ్మిది ట్రాక్టర్లు!"

రైతు మంచాన పడితే చుట్టుపక్కలవాళ్లు సొంత పని మానుకుని వచ్చి అతని చేను వేసిపెట్టడం అక్కడి ఆనవాయితీ. చర్చి పని మర్నాటికి వాయిదా పడింది. వెండెల్ టోపీ తీసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు లేవకు, డెల్. ఇన్నాళ్లూ నడుము బాగోకే ఆ నేల బీడు పెట్టావన్నమాట! విశ్రాంతని మాతో అబద్ధమాడతావా? చీకటి పడేలోగా మొక్కజొన్న వేసేస్తాం. డీజిలూ విత్తనమూ మావే."

"వద్దు వెండెల్, మీకెందుకు శ్రమ..."

"ఊరుకోవయ్యా, మొహమాటం నీకెప్పట్నుంచీ?"

లేస్తే పరువు పోతుంది, పడుకుంటే పదేళ్ల డబ్బు పోతుంది. ఏది ఎక్కువో తేల్చుకోవడానికి డెల్మర్‌కి ఎంతోసేపు పట్టలేదు. మొదటి నాగలి గడ్డి అంచుకు చేరేలోగా ఆయన పైజమాతో, వట్టి కాళ్లతో పొలం మధ్య పరుగెత్తుతున్నాడు.

"కాళ్లొచ్చాయి! దేవుడు విన్నాడు!" అని, చూడ్డానికి వచ్చిన ఒపాల్ చేతిలోని ఆపిల్ మిఠాయి పళ్లెం కింద పడేసింది.

"ఆపండ్రా! ఆ గడ్డికి సర్కారు నాకు డబ్బిస్తోంది!"

ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చివరికి వెండెల్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఎకరానికెంత?"

"నూట నలభై డాలర్లు."

"నాకు నూట ముప్పయ్యే ఇస్తున్నారు!"

"నయమే, నాకు నూట పాతిక," అన్నారు వెనక ట్రాక్టర్ మీంచి.

అంతలో కర్టిస్ పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. డెల్మర్ రొప్పుతూ ఎదురెళ్లాడు.

"ఒక్క పోచ తెగలేదు బాబూ, కావాలంటే చూసుకో!"

"తెగినా ఫరవాలేదండీ. మీ ఒప్పందం పోయిన శరత్కాలంలోనే అయిపోయింది. పొడిగించమన్న మీ అర్జీ పై ఆఫీసులో ఒప్పుకోలేదు. ఫోన్లో చెప్తే బాగోదని వచ్చాను. ఇక మీ ఇష్టం, దున్నుకోండి."

డెల్మర్ వెనక్కి తిరిగేసరికి తొమ్మిది ట్రాక్టర్లూ రోడ్డెక్కుతున్నాయి.

"వెండెల్! ఎలాగూ వచ్చారు కదా..."

"నీ కాళ్లు బాగున్నాయిగా! చర్చికి నడువు. నిచ్చెన నువ్వే ఎక్కుదువుగాని."

పైకప్పు మీద సుత్తి పట్టుకుని సాయంత్రం దాకా ఒంగి ఉన్నాడేమో, ఇంటికొచ్చేసరికి ఆయన నడుము నిజంగానే పట్టేసింది.

"ఒపాల్‌కి ఒక్క ఫోను చెయ్యవే," అని మూలిగాడు.

"నువ్వే చెయ్యి," అంది లోర్నా. "గొంతు ఇప్పుడు కుదిరింది."