వేరుకుళ్ళుకి ఆకు పరీక్ష

తెగులు నేలపైన కనిపించినప్పుడే పుడుతుందని ద్రాక్ష తెగుళ్ళ గుర్తింపు శాఖ ఏనాడో తేల్చేసింది. నేల కింద జరిగేది మొక్క సొంత వ్యవహారం. (అందులో తలదూర్చడం శాఖకి మర్యాద కాదు.)

ఈ సంగతి తెలియక మా అక్క పొరపాటు చేసింది. తోటలో పద్నాలుగో తీగ నీరసించిందని దాని మొదలు దగ్గర మట్టి తీసి, చాకుతో బెరడు లేపి చూసింది. లోపల తెల్లటి బూజు, పొరలు పొరలుగా, పుట్టగొడుగుల వాసనతో. వేరుకుళ్ళు. అది వేరు నుంచి వేరుకి పాకుతుంది కాబట్టి ఆ తీగతో పాటు అటూ ఇటూ ఉన్నవాటిని కూడా వేళ్ళతో సహా తవ్వి తీసెయ్యాలి. లేకపోతే వరుసంతా పోతుంది. ఆ వరుసలో నలభై తీగలూ అక్క తన చేత్తో నాటినవి. వాటి మీద ఈగ వాలనివ్వదు.

అయితే నమోదైన తీగని తెగులు గుర్తింపు పత్రం లేకుండా పీకడం నేరం. పత్రం కావాలంటే శాఖ యాప్‌లో ఫోటో పెట్టాలి. అక్క వేరు ఫోటో పెడితే "ఇది ఆకు కాదు, మళ్ళీ ప్రయత్నించండి" అంది యాప్. ఆకు ఇంకా పచ్చగానే ఉంది, అది పెడితే "మీ తీగ ఆరోగ్యంగా ఉంది, అభినందనలు" అంది.

ఇక ఆఫీసుకే వెళ్ళాం. (నేను ఫైలు మొయ్యడానికి. తమ్ముళ్ళు పుట్టేది అందుకే.) తొమ్మిదో నియమం ప్రకారం వేరుని మట్టితో సహా చూపించాలి. పదకొండో నియమం ప్రకారం ఆఫీసులోకి మట్టి తేకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనేసి ఊరుకున్నారు, శాఖ వాటికి నంబర్లు కూడా వేసింది.

మూడోసారి వెళ్ళేసరికి తెగులు పదహారో తీగకి చేరింది. మా ఫైలు రెండో బల్లకి చేరింది. క్యూ నిలబడేది ఆఫీసు ముందున్న ద్రాక్ష పందిరి కింద. ఆ తీగ సామాన్యమైనది కాదు. యాప్ మన ఆకుల్ని పోల్చి చూసేది దాని ఆకులతోనే. పత్రాలిచ్చే అధికారిగారు పూటకోసారి బయటికొచ్చి దాన్ని నిమిరి వెళ్తారు.

నిలబడి నిలబడి విసుగెత్తి అక్క చాకు తీసి దాని బెరడు కాస్త లేపింది. లోపల తెల్లటి బూజు.

అధికారిగారిని పిలిచాం. ఆయన వంగి చూశారు, వాసన కూడా చూశారు, మొహం పాలిపోయింది. ఆ తీగంటే ఆయనకి నిజంగానే ప్రాణం. మాకు జాలేసింది.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అన్నారు.

"వేళ్ళతో సహా తీసెయ్యండి సార్. పక్కవాటిని కూడా," అంది అక్క.

"అనుమతి లేకుండా ఎలా?"

"ఇవ్వాల్సింది మీరేగా సార్?"

"నేనే. కానీ దరఖాస్తు ఉండాలి కదమ్మా."

ఆయన టోకెను తీసుకుని బుద్ధిగా మా వెనక నిలబడ్డారు. అక్క ఆయన్నీ, కిటికీలోంచి కనబడుతున్న ఆయన ఖాళీ కుర్చీనీ మార్చి మార్చి చూసింది. తన టోకెను కూడా ఆయన చేతిలోనే పెట్టి, గునపం కోసం ఇంటికి బయల్దేరింది. సాయంత్రానికి ఐదు తీగలు పోయాయి, ముప్పై ఐదు దక్కాయి.

అధికారిగారు మాత్రం క్యూలో ఒక స్థానం ముందుకి జరిగారు. కొత్తగా వచ్చినవాళ్ళకి, అధికారి సీట్లో లేరని, ఎప్పుడొస్తారో తెలియదని ఆయనే ఓపిగ్గా చెబుతున్నారు.