పరుగెత్తని విద్యార్థి

గంజాయి వల్ల విద్యార్థులు పాడైపోతున్నారని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. అయ్యా, అమ్మా! హైటెక్ సిటీ చుట్టుపక్కల యూనివర్సిటీల్లో వ్యాయామం అనేది ఇంకా మిగిలి ఉందంటే అది గంజాయి చలవే!

నమ్మరా? అయితే ఖాజాగూడ దగ్గరున్న మా ప్రైవేటు యూనివర్సిటీకి రండి. అక్కడి మత్తు నిరోధక కమిటీలో నేనూ సభ్యుణ్ణి. లిఫ్ట్ ఆగిపోతే టిఫిన్‌కు కూడా దిగని పిల్లలు సాయంత్రం కాగానే హాస్టల్ మెట్లన్నీ ఎక్కి డాబా మీదికి చేరుతున్నారు. ఒక్క సిగరెట్టును పదిమంది పంచుకుంటున్నారు. పక్కవాడికి ఛార్జర్ ఇవ్వని ఘనులండీ వీళ్లు! రిసార్టుకు తీసుకెళ్లి చెప్పిన టీమ్ బిల్డింగ్ పాఠాలు ఈ పని చేయగలిగాయా? ఇక పుదీనా వాసనొచ్చే ఈ-సిగరెట్లు, అదే వేప్‌ల పుణ్యమా అని క్లాసు రూముల్లో రూమ్ ఫ్రెష్‌నర్ అవసరమే తీరిపోయింది.

కాబట్టి అసలు ప్రమాదం గంజాయి కాదు. నమాజ్!

మొన్న పొద్దుగూకే వేళ వార్డెన్ రామాంజనేయులు గారు డాబా మీద దాడి చేశారు. బూట్ల చప్పుడు వినగానే పిల్లలంతా వెనక మెట్ల మీదుగా మాయం. ఎంత వేగం, ఎంత క్రమశిక్షణ! దొరికింది ముజమ్మిల్ ఒక్కడే. గదిలో రూమ్మేట్ వేప్ పొగ భరించలేక, డాబా మీద ఓ మూల నమాజ్ చేసుకుంటున్నాడట.

ఆధారాలు చూడండి. వార్డెన్ గారు ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. నిలబడ్డవాడు కాస్తా నడుం వంచాడు, ఆపైన తల నేలకు ఆనించాడు. ముఖం, చేతులు, కాళ్లు తడితడిగా ఉన్నాయి. సాక్ష్యం కడిగేసుకోవడం కాకపోతే ఏమిటది? పైగా ఇది రోజుకు ఐదుసార్లట! ఇంతకన్నా ముదిరిన అలవాటు ఎక్కడైనా విన్నారా?

వెంటనే సస్పెండ్ చేశాం. మర్నాడు పొద్దున్నే అతనికి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. అదే సమయానికి కమిటీ ముందు నిలబెట్టి, అందరూ పారిపోతే నువ్వెందుకు ఉండిపోయావని నిలదీశాం.

“నమాజ్‌ల ఉన్న సార్. మధ్యల ఇడిసిపెట్టి ఉరకొద్దు, మాట్లాడొద్దు. మత్తుల ఉంటే అసలు నమాజే చెయ్యొద్దు సార్” అన్నాడు.

రక్త పరీక్ష చేయిస్తే నిజంగానే ఏ మత్తూ లేదని తేలింది. సస్పెన్షన్ ఎత్తేశాం. అప్పటికి ఇంటర్వ్యూ అయిపోయింది. “ఇంట్ల ఏమని చెప్పాలె సార్?” అని ఆ కుర్రాడు మమ్మల్నే అడిగాడు. నాకే మనసు చివుక్కుమంది.

కమిటీలోని లెక్చరర్ జయలక్ష్మి గారు ఉండబట్టలేక, ఈసారి దాడికి ముందు వెనక మెట్ల తలుపుకు తాళం వేయిద్దామన్నారు.

“అలా వేస్తే అందరూ దొరికిపోతారు కదండీ!” అన్నారు రామాంజనేయులు గారు.

అవునవును, తాళం వద్దన్నాం అందరం. ఈసారి వార్డెన్ గారు వస్తే నలుగురితో పాటు పరుగెత్తడం నేర్చుకోమని ముజమ్మిల్‌కు బుద్ధి చెప్పి పంపించాం. అంతకంటే మేం మాత్రం ఏం చేస్తాం చెప్పండి? మా అబ్బాయిదీ ఆ హాస్టలే!