డెలానీ దొర సంతకాలు

వారం రోజుల ముసురు తర్వాత ఆ ఉదయం బొల్లారంలో ఎండ కాసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఇండియా పటాలాలు వస్తున్నాయని బస్తీ అంతా తలుపులు బిడాయించుకుంటే, నాగూర్ బాషా మాత్రం చెమ్మ పట్టిన పుస్తకాలు ఎండబెట్టుకుంటున్నాడు.

అవి అతను ఏళ్ల తరబడి సేవచేసిన ఐర్లండ్ దొర డెలానీ వేసిన కొండల బొమ్మల పుస్తకాలు. దొర సంతకం చేసి తోటి తెల్లవాళ్లకు ఇచ్చినవి. వాళ్లు దేశం వదిలిపోతూ చెత్తలో పారేస్తే బాషా ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నాడు. చదవడం రాదు. బారెడు తోకున్న ఆ సంతకాన్ని వేలితో తడిమితే చాలు, దొర పక్కనే ఉన్నట్టుండేది. నిరుడు ఓడెక్కకముందే దొర బొంబాయి ఆసుపత్రిలో పోయాడు. చెబితే నిజమైపోతుందని బాషా ఆ కబురు గడప దాటనివ్వలేదు.

దొర వదిలిపోయిన కోటు దండెం మీద, టోపీ గుంజకు తగిలిస్తుంటే పక్కింటి శారదమ్మ గోడ మీదుగా చూసింది.

"దొర వచ్చిండా బాషాభాయ్?"

కాదనబోయాడు. ఆమె కొంగు పట్టుకుని వణుకుతున్న పిల్లలు కనబడ్డారు.

"ఆ, పండుకున్నడు."

"అయితే జెర ఓ కాయితం మీద సంతకం పెట్టియ్యమను. తలుపుకు అంటిస్త. తెల్లోడి పేరు చూస్తే ఎవ్వడు లోపలికి రాడు."

అబద్ధాన్ని కన్నాక మేపక తప్పదు. బాషా లోపలికి వెళ్లి ఒక పుస్తకంలో సంతకమున్న మొదటి పేజీ చింపాడు. ప్రాణం విలవిలలాడింది. కాసేపటికి రజాకార్ల భయంతో ఎదురింటి పర్వతాలు వచ్చాడు. అతని వెనకే సైన్యం భయంతో మూలింటి షంషీర్. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదనడమెలా? దొర ఇంకా లేవడేమని అడిగితే బాషా భార్య జాన్ బీ జ్వరమంది. దాంతో గంజి, మిరియాల కషాయం, ఒక కోడి వచ్చిపడ్డాయి. సాయంత్రానికి పుస్తకాలన్నీ బోడివయ్యాయి.

ఆఖరికి నిజాం లొంగిపోయాడని రేడియో చెప్పింది. ఆ వీధిలోకి ఏ సైన్యమూ రాలేదు. కషాయం గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లిన బాషా శారదమ్మ ముందు ఏడ్చేశాడు.

"దొర లేడు బెహెన్. నిరుడే పోయిండు."

"ఎరుకే," అంది శారదమ్మ. "పోయినోళ్లకు చదివే నలభయ్యో దినం ఫాతెహా చేసి తియ్యన్నం పంచినవ్. మీ ఇంట్ల ఎవరు పోలే. ఎవరి పేరు మీదని అడగలే గని, బస్తీ అంతా తిన్నం."

"మరి కషాయం?"

"జొరమన్నరు గద. తేకుంటే నువ్వు చిన్నబోతవు."

"సంతకం ఎందుకడిగిన్రు?"

శారదమ్మ పిల్లల వైపు చూసింది. "ఎవర్నో ఒకర్ని అడగాలె గద భాయ్."

పేజీలు తిరిగిచ్చేద్దామని అందరూ చూశారు. మైదా జిగురు వదల్లేదు. గీకితే సంతకం చిరుగుతుంది. ఉండనీయమన్నాడు బాషా.

అప్పటినుంచి దొర సంతకం చూడాలనిపిస్తే అతను బస్తీలో తిరగాలి. తలుపు మూసి ఉంటేనే అది కనిపిస్తుంది. భయం పోయాక ఆ బస్తీలో పగలు తలుపు మూసేవాళ్లే లేకపోయారు.