పంచదార మీద పద్మం

ఆ శనివారం పొద్దున బుచ్చిబాబు చాలా మామూలు ప్రణాళికతో నిద్ర లేచాడు. కమలకుమారి స్నానానికి వెళ్ళగానే వంటింట్లోకి చేరాలి, రెండు చెంచాల పంచదార నోట్లో వేసుకోవాలి, డబ్బాలో ముగ్గు వెయ్యాలి, తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు పడుకోవాలి. దాదాపు మూడు నెలలుగా ఆదివారమనీ పండగనీ చూడకుండా చేస్తున్న పని ఇది. ఆయన జీవితంలో ఇంత క్రమశిక్షణతో చేసింది ఇంకొకటి లేదు.

ముగ్గు సంగతి ముందు చెప్పాలి. యాభై మూడేళ్ళ బుచ్చిబాబు తొంభై రెండు కిలోలు ఉన్నాడనీ, ఒంట్లో షుగర్ గీత దాటడానికి తయారుగా ఉందనీ సోమాజిగూడ డాక్టరు చెప్పాడు. కాఫీతో కలిపి రోజుకు రెండు చెంచాల పంచదార మించకూడదన్నాడు, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గి కనపడమన్నాడు. కమలకుమారి ఇంటికి రాగానే రెండు చెంచాలు బుల్లి గిన్నెలో విడిగా పెట్టింది. మిగతాది పెద్ద స్టీలు డబ్బాలో పోసింది. ఇంటికొచ్చినవాళ్ళకు చప్పటి కాఫీ ఇస్తే పరువు పోతుంది కాబట్టి ఆ డబ్బా ఇంట్లో ఉండక తప్పదు. తాళం వేద్దామంటే అది బీరువా కాదు. అందుకని పంచదారను గరిటె వెనకవైపుతో చదును చేసి, అగరొత్తి పుల్లతో దాని మీద ఎనిమిది రేకుల పద్మం ముగ్గు వేసి, మూత బిగించింది.

"ఒక్క రేకు చెదిరినా నాకు తెలిసిపోతుందండోయ్" అంది.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడే బల్కంపేట వెళ్ళి, ఆయన ఎనభై నాలుగు కిలోలకు దిగేదాకా తాను తీపి ముట్టనని ఎల్లమ్మ తల్లికి మొక్కుకుని వచ్చింది. తెనాలి నుంచి పంజగుట్ట వచ్చి ఇరవై రెండేళ్ళయింది కాబట్టి ఎల్లమ్మ వాళ్ళకూ సొంత తల్లే అయిపోయింది. రోజూ ఎదురుగా కూర్చుని, మొహం చిట్లించుకుంటూ చప్పటి కాఫీ తాగే భార్యను చూస్తే బుచ్చిబాబుకు గుండె పిండేసినట్టుండేది. ఇంకో భయం కూడా ఉంది. షుగర్ వల్ల ఆయన తండ్రికి ఎడమ పాదం తీసేశారు. ఆస్పత్రి మంచం మీద దుప్పటి ఒకవైపు పల్లంగా ఉండడం ఇప్పటికీ ఆయనకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అది గుర్తొస్తే ఒళ్ళు చల్లబడుతుంది. ఒళ్ళు చల్లబడితే ఏదైనా తియ్యగా నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. అదే ఆయన దురదృష్టం.

దొంగతనం చేయగలిగాడు కానీ ముగ్గు వెయ్యడం రాదు. అందుకని రోజూ మూత తియ్యగానే ఫోన్‌తో ఫొటో తీసుకునేవాడు. తిన్నాక ఆ ఫొటో చూస్తూ పుల్లతో ముగ్గు దిద్దేవాడు. ఎంత దిద్దినా రేకులు వంకరే. ఒకటి కుంగితే ఇంకొకటి ఉబ్బేది. ఇంతవరకూ పట్టుబడకపోవడానికి ఆయనకు తోచిన కారణం ఒక్కటే, అది తలుచుకుంటే చెమటలు పట్టేవి. ఆయన వంకరగా వేసి మూత పెట్టిన పద్మం మర్నాడు పొద్దునకల్లా చక్కగా, తీర్చిదిద్దినట్టు ఉండేది. ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా అంటే నెలరోజులుగా ఎవరూ రాలేదు. పోయిన వారం అయితే సగానికి దిగిపోయిన పంచదార దానంతట అదే అంచుదాకా పెరిగింది. ఆరోజు బుచ్చిబాబు డబ్బాకు దణ్ణం పెట్టి, లెంపలు వాయించుకుని, తినకుండా వచ్చేశాడు. మర్నాడు తిన్నాడనుకోండి.

రేపే, ఆదివారం కూడా చూసే ఆ డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఇదే ఆఖరి దొంగతనం అని ఒట్టు పెట్టుకుని మూత తీశాడు. పద్మం చక్కగా ఉంది. ఫొటో తీశాడు, తిన్నాడు, మళ్ళీ చూసి దిద్దుదామని ఫోన్ అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. కంగారులో వేలు ఎక్కడెక్కడో తగిలి, ఫొటో కాస్తా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోయింది. తీసెయ్యబోయి, "అందరికీ" అని ఉన్నచోట నొక్కాల్సింది "నాకు మాత్రమే" అని ఉన్నచోట నొక్కాడు. ఇప్పుడా ఫొటో ఆయనకు తప్ప అపార్ట్‌మెంట్‌లో అందరికీ కనిపిస్తోంది.

ఆ అందరిలో కమలకుమారి కూడా ఉంది. ఆమె ఫోన్ హాల్లో ఛార్జింగులో ఉంది. తెరుద్దామంటే దాని తాళం ఎలా తీస్తుందో ఆయనకు తెలియదు. ఆలోచించే వ్యవధి లేదు. ఫోన్ పీకి టిఫిన్ సంచీలో వేసుకున్నాడు, అరగంట ముందే ఆఫీసుకు బయల్దేరాడు.

"ఏంటండీ అంత తొందర?" అంది కమలకుమారి తల తుడుచుకుంటూ.

"ఇవాళ అడ్మిషన్లు ఎక్కువ" అన్నాడు చెప్పులు తిరగేసి వేసుకుంటూ.

అమీర్‌పేట మైత్రీవనం నాలుగో అంతస్తులో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఒక సంస్థలో ఆయన పని, వచ్చినవాళ్ళకు ఏ కోర్సులో చేరాలో చెప్పడం. ఆరోజు మాత్రం ఆయన పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తల్లిదండ్రులకు ఒకటికి బదులు ఇంకొకటి చెబుతూ, ఒక కన్ను తన ఫోన్ మీదే వేసి ఉంచాడు. పది గంటలకు అపార్ట్‌మెంట్ సెక్రటరీ రాగసుధ గ్రూపులో సందేశం పెట్టింది.

"బుచ్చిబాబు గారూ! తెలుపు మీద తెలుపు ముగ్గు! ఎవరికీ రాని ఆలోచన! ఇవాళ మన ముగ్గుల పోటీలో ఫొటో పంపిన ఏకైక మగవారు మీరే. సాయంత్రం నాలుగింటికి సెల్లార్‌లో జడ్జీల ముందు ఇదే ముగ్గు మళ్ళీ వెయ్యాలి."

దాని కింద ముప్ఫై చప్పట్లు పడ్డాయి. పోటీ ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. చప్పట్ల కింద మూడో అంతస్తు వంశీధర్ "సార్, అది పంచదారలా ఉందే?" అని అడిగాడు. బుచ్చిబాబు ఫోన్ బోర్లా పెట్టాడు.

మరుక్షణమే, భార్య ఫోన్ దాచిన టేబుల్ సొరుగులోంచి డప్పులు మోగాయి. కమలకుమారి బోనాల దరువును రింగ్‌టోన్‌గా పెట్టుకుంది. అమ్మవారే లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు అనిపించి, ఆయన కళ్ళు మూసుకుని సొరుగులో చెయ్యి పెట్టి కట్ చేశాడు. రెండు నిమిషాల్లో ఆయన ఫోన్ మోగింది. పక్కింటి ఫరీదా నంబరు, మాట్లాడింది మాత్రం కమలకుమారి.

"ఏవండీ, నా ఫోన్ ఎవరో ఎత్తుకుపోయారండీ! ఇప్పుడే చేస్తే ఆ దొంగ వెధవ కట్ చేశాడు."

"అలాగా" అన్నాడు దొంగ వెధవ.

"కమాల్ భాయ్ తన షాపులో కంప్యూటర్ పెట్టి ఎక్కడుందో చూశారండీ. మీ మైత్రీవనంలోనే చూపిస్తోందట! మీరు జాగ్రత్తగా ఉండండి, వాడి దగ్గర కత్తీ అవీ ఉండొచ్చు. మేం షాపు దగ్గరే ఉన్నాం, వచ్చేస్తున్నాం."

ఫరీదా భర్త కమాల్‌ది అమీర్‌పేటలోనే ఫోన్లు బాగుచేసే షాపు, అయిదు నిమిషాల నడక. బుచ్చిబాబు సొరుగు తెరిచాడు. ఆ ఫోన్‌ను కోర్సుల కరపత్రంలో చుట్టి, మెట్ల మలుపులో కిటికీ గట్టున పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి పీల్చుకునేలోపు, మెట్లు ఊడ్చే రుద్రమ్మ ఆ పొట్లం పట్టుకుని లోపలికొచ్చింది.

"సారూ, గిది మీరే మరిసిపోయిన్రు. నేను సూసిన గన్క సరిపోయింది. జర పైలం సారూ, దొంగలున్నరు."

ఆమెకు కృతజ్ఞతలు చెప్పి, ఫోన్ మళ్ళీ సొరుగులో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుంటుండగా ముగ్గురూ వచ్చేశారు. ముందు కమాల్, వెనక ఫరీదా, ఆ వెనక కొంగు దోపుకుని కమలకుమారి.

"బుచ్చిబాబు భాయ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు కమాల్. "ఎక్కడ దాసినా సరే, నేను గీడ నొక్కుతే గాడ మస్తు లొల్లి చేస్తది. నొక్కాల్నా?"

"ఇప్పుడే వద్దు" అన్నాడు బుచ్చిబాబు నీరసంగా.

కమాల్ నొక్కేశాడు. సొరుగు డప్పు దరువుతో దద్దరిల్లింది. కోర్సు అడగడానికి వచ్చిన తల్లిదండ్రులు లేచి నిలబడ్డారు.

"యా అల్లా!" అంది ఫరీదా. "దొంగోడు మీ టేబుల్లనే దాసిండు అన్నా! నువ్వు గీడ కూసునే ఉన్నవ్, నీకు తెల్వనే లేదు!"

"మస్తు తెలివిగల్లోడు" అన్నాడు కమాల్ మెచ్చుకోలుగా.

కమలకుమారి ముందుకొచ్చింది. సొరుగు తాళం వైపు చూసింది, భర్త మొహం వైపు చూసింది. "తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?" అని నెమ్మదిగా అడిగింది.

పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఆ నెమ్మదితనం ఎంత ప్రమాదమో బుచ్చిబాబుకు తెలుసు. జేబులోంచి తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టాడు. పంచదార తినడం, ఫొటో తియ్యడం, గ్రూపు, ఫోన్, అన్నీ వరసగా చెప్పేశాడు.

"నీ మొక్కు మట్టిలో కలిపేశాను కమలా. అమ్మవారికి కూడా కోపం వచ్చింది. అబద్ధం కాదు, ఇదిగో చూడు" అని ఫోన్లో దాచుకున్న ఫొటోలన్నీ తెరిచాడు. "రోజూ తినకముందు తీసినవి. నేను వంకరగా వేసి మూత పెడతాను. తెల్లారేసరికి ఇలా చక్కగా ఉంటుంది. ఆ తల్లి నాకు కనిపించి మరీ చెబుతోంది, నేనే వినలేదు."

ఆమె ఒక్కో ఫొటో వేలితో తోస్తూ చూసింది. పదో ఫొటో దగ్గర మొహం పాలిపోయింది. ఇరవయ్యో ఫొటో దగ్గర ఎదుటి కుర్చీలో కూర్చుండిపోయింది. బుచ్చిబాబుకు నిజంగా భయం వేసి మంచినీళ్ళ సీసా అందించాడు.

"వంకరగా వేసేది మీరా?" అంది సీసా మూత తిప్పుతూ.

"మరి ఇంకెవరు?"

"నేను అమ్మవారనుకున్నానండీ." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు ఆఫీసుకు వెళ్ళాక మధ్యాహ్నం మూత తీస్తే వంకరగా ఉండేది. ముందురోజు నేను అంత శుభ్రంగా వేసింది వంకర తిరిగిపోయిందంటే, మొక్కు తప్పినందుకు తల్లి మూతి తిప్పుకుందనుకున్నాను. గబగబా రెండు చెంచాలు తినేసి, మళ్ళీ తిన్నగా వేసి, దణ్ణం పెట్టుకునేదాన్ని. పోయిన వారం సిగ్గేసి, కిలో కొనుక్కొచ్చి నింపేశాను."

"నువ్వా?" అన్నాడు బుచ్చిబాబు. "చప్పటి కాఫీ తాగి మొహం అలా చిట్లిస్తావు కదా?"

"అది నిజంగానే చేదుగా ఉంటుంది."

"నన్ను అనుమానించలేదా?"

"మీకు ముగ్గు వెయ్యడం వచ్చని కల కన్నానా?" ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మామయ్యగారి కాలు గుర్తొస్తుందండీ మధ్యాహ్నం ఒక్కదాన్నీ ఉంటే. మీక్కూడా అలా అయితే నేనేం చెయ్యను అనిపిస్తుంది. ఆ భయానికి ఏదో ఒకటి తియ్యగా నోట్లో పడితే తప్ప గుండె దడ తగ్గేది కాదు."

ఇన్నాళ్ళూ ఒకే డబ్బా దగ్గర, ఒకే భయంతో, ఒకరు పొద్దునా ఒకరు మధ్యాహ్నం నిలబడ్డారన్నమాట. అందరూ చూస్తున్నా సరే, బుచ్చిబాబు టేబుల్ మీదుగా చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కోర్సు కోసం వచ్చిన తల్లిదండ్రులు మొహమాటపడి, పిల్లవాణ్ణి తీసుకుని పక్క సంస్థకు వెళ్ళిపోయారు.

నాలుగింటికి సెల్లార్‌లో బుచ్చిబాబు వేసిన పద్మం చూసి జడ్జీలు ఒక్క మాట కూడా అనకుండా పక్క ముగ్గు దగ్గరికి నడిచారు. మర్నాడు సోమాజిగూడలో తూకం తొంభై నాలుగు చూపించింది. రక్తపరీక్ష కాగితం వచ్చేదాకా ఇద్దరూ ఆస్పత్రి బల్ల మీద ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. షుగర్ సరిగ్గా గీత మీద నిలబడింది, ఇంకా దాటలేదు. "ఈసారి దాటితే మందులే" అని డాక్టరు ఇద్దరినీ కలిపి తిట్టాడు. అక్కణ్ణించి నేరుగా బల్కంపేట వెళ్ళి, చేసిందంతా తల్లికి చెప్పుకుని, లెంపలు వేసుకుని వచ్చారు. ఇంటికి రాగానే కమలకుమారి పంచదార డబ్బా తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టింది.

"ఎవరన్నా ఇంటికొస్తే వచ్చి తీసుకుంటాను ఫరీదా. అప్పటిదాకా మా ఇద్దరిలో ఎవరడిగినా ఇవ్వకు."

"బేఫికర్ ఉండు అక్కా" అంది ఫరీదా. "నాకు ముగ్గు రాదు గానీ మెహందీ డిజైన్ అయితే వస్తది. చక్కెర మీద గదే ఏస్త. మా ఇంట్ల సుత ఎవరూ ముట్టరు, నేను జిమ్మేదార్."

మూడు నెలలు గడిచాయి. బుచ్చిబాబు రోజూ మైత్రీవనం నాలుగంతస్తులూ మెట్ల మీదే ఎక్కుతున్నాడు. ఆ బుల్లి గిన్నెలో రెండు చెంచాలు ఆయనవి, ఆమె మధ్యాహ్నాలు కూడా ఇప్పుడు నిజంగానే చప్పన. సోమాజిగూడలో తూకం ఎనభై అయిదు చూపించిన రోజున కమలకుమారి ఆస్పత్రి వరండాలోనే ఏడ్చింది. ఇంకొక్క కిలో తగ్గితే బోనం ఎత్తాలని కొత్త కుండ కూడా కొనేసింది.

కమాల్ భాయ్ ఫోన్‌లో మాత్రం ఈ మధ్య ఎక్కడ చూసినా మెహందీ డిజైన్ల ఫొటోలే.