ముగ్గురికి ఒకడు తక్కువ

ఆ శనివారం, పనులు ముట్టని సబ్బాతు పొద్దున ప్రార్థనామందిరం మేడ మీద, ఆడవాళ్ళ వరసలో కూర్చున్న పెనీనా పుస్తకం తెరిచి పట్టుకుంది గానీ చూపు దాని మీద లేదు. తెర సందులోంచి కింద ఉన్న మగవాళ్ళను లెక్కపెడుతోంది. మనుషుల్ని నేరుగా లెక్కపెట్టకూడదని మా యూదులకు పట్టింపు. అందుకని “ఒకటి కాదు” అని భర్త నఫ్తాలిని, “రెండు కాదు” అని కాబోయే అల్లుడు ఎవ్యాతార్‌ని, “మూడు కాదు” అని ఆ అబ్బాయి తండ్రి రబ్బీ ఎల్యాకీంని చూసుకుంది. ఎన్నిసార్లు చూసినా ముగ్గురే వచ్చారు. హమ్మయ్య అనుకుని అప్పుడు పేజీ తిప్పింది.

ముగ్గురు మగవాళ్ళు కలిసి రొట్టె తిన్నారంటే, చివర్లో ఎవరి స్తుతి వాళ్ళు గొణుక్కుని లేచిపోవడానికి లేదు. ఒకరు “రండి, స్తుతిద్దాం” అని పిలవాలి, మిగతావాళ్ళు బదులు పలకాలి, బల్ల దగ్గర ఆడవాళ్ళుంటే వాళ్ళూ గొంతు కలపాలి. మగవాళ్ళు ఇద్దరే అయితే ఆ పిలుపు లేదు. ఆడవాళ్ళు ముగ్గురుంటే వాళ్ళలో వాళ్ళు పిలుచుకోవచ్చు. ఇద్దరు మగవాళ్ళకు ఒక ఆడమనిషిని కలిపి ముగ్గురం అంటే మాత్రం చెల్లదు. ఇదంతా శాస్త్రంలో ఉన్నదే. కానీ శాస్త్రంలో ఉన్నదల్లా అందరి ఇళ్ళలో జరుగుతుందా? ఆడవాళ్ళు పిలుపు పలకడం పెనీనా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. ఆమె కూతురు హదాస్ మాత్రం ఆడపిల్లల విద్యాలయంలో చదివి, అక్కడి భోజనశాలలో రోజూ తనే పిలుపు పలికి వచ్చింది.

సమస్య అక్కడే ఉంది. ఆ సాయంత్రం సబ్బాతు ముగియగానే ఇద్దరు తల్లులూ కలిసి పింగాణీ పళ్ళెం పగలగొడితే సంబంధం ఖాయమైనట్టు. హదాస్‌కి ఎవ్యాతార్ అంటే ప్రాణం. రబ్బీ ఎల్యాకీం అంటే పెనీనాకు ప్రాణభయం. ఆయన ధర్మశాస్త్రం చెప్పే పెద్దమనిషి, గడ్డం గుండెల దాకా ఉంటుంది. ఏదో పెళ్ళిలో మైకులోంచి ఆడపిల్లల పాట వినబడగానే లేచి వెళ్ళిపోయాడని కింది అంతస్తులో ఉండే బుజగ్లో అనే ఆయన భార్య చెప్పింది. ఆవిడ చెప్పిందంటే సగమైనా నిజముంటుంది.

“భోజనం దగ్గర నువ్వు ‘రండి, స్తుతిద్దాం’ అన్నావంటే పళ్ళెం సంగతి దేవుడెరుగు, నా గుండె పగులుతుంది” అని ముందురోజే కూతురి చేత ఒట్టు వేయించుకుంది పెనీనా.

“మగవాళ్ళు ముగ్గురుంటే నాకేం పనమ్మా? బదులు పలికి ఊరుకుంటాను” అంది హదాస్.

కాబట్టి పెనీనా కడుపు చల్లగా ఉండాలంటే ముగ్గురు మగవాళ్ళు చివరిదాకా బల్ల దగ్గర ఉంటే చాలు. అంత చిన్న కోరిక తీరడానికి అడ్డేముంటుంది?

మందిరం నుంచి అందరూ పెనీనా ఇంటికి వచ్చారు, భోజనం బ్రహ్మాండంగా మొదలైంది. చేపల పులుసు బాగుందన్నారు. రాత్రంతా సన్న సెగ మీద ఉడికిన హమీన్ మూత తీయగానే మాంసం, బీన్సు, గోధుమల వాసన ఇల్లంతా కమ్మేసింది. రబ్బీ రెండోసారి వడ్డించుకున్నాడు. ఆయన భార్య యోకెవెద్ వంకాయ ఎలా వేయించారని అడిగింది. సరిగ్గా అప్పుడు ఎవ్యాతార్ నడుముకున్న రేడియో గరగరలాడింది. ఆ అబ్బాయి అంబులెన్సు సేవలో చేయి వేస్తుంటాడు. ప్రాణం పోతోందంటే సబ్బాతు కూడా పక్కకు తప్పుకోవలసిందే.

“ఎవరో ముసలాయన మెట్ల మీంచి పడ్డాడట అత్తయ్యగారూ, క్షమించండి” అంటూనే రుమాలు బల్ల మీద పడేసి దిగి వెళ్ళిపోయాడు.

పెనీనా పళ్ళెంలోకి చూస్తూ లెక్కపెట్టుకుంది. ఒకటి కాదు. రెండు కాదు. అంతే. ఇటు తిరిగితే తనూ, యోకెవెద్, హదాస్. మగవాళ్ళు ఇద్దరు, ఆడవాళ్ళు ముగ్గురు. హదాస్ కళ్ళు మిలమిల మెరుస్తున్నాయి.

“ఏమండీ, ఒకసారి వంటింట్లోకి రండి” అని నఫ్తాలిని లాక్కుపోయింది. “వెళ్ళి ఒక మగవాణ్ణి పట్టుకురండి.”

“ఇప్పుడా? వీధి మొత్తం తిని పడుకుని ఉంటుందే!”

“పడుకోని వాణ్ణి తీసుకురండి. వచ్చి నాలుగు ముక్కలు తింటే చాలు, మూడోవాడైపోతాడు.”

“వాళ్ళకేం చెప్పను?”

“గాలి పీల్చుకోవడానికి వెళ్ళారని నేను చెబుతాను, మీరు వెళ్ళండి!”

నఫ్తాలి మంచివాడు. మంచివాళ్ళను పనికి పంపడంలో ఉన్న కష్టం పెనీనాకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు, అయినా పంపింది. తిరిగి బల్ల దగ్గరకు వచ్చి, భోజనం ముగిసినట్టు కనబడకుండా రబ్బీ పళ్ళెంలో మరో గరిటె హమీన్ వేసింది. తింటున్నంతసేపూ స్తుతికి వేళ మించదు. తిన్నది అరిగిపోతే మాత్రం స్తుతే ఉండదు.

“చాలు చెల్లెమ్మా” అన్నాడు రబ్బీ.

“అయ్యో, మీరేం తిన్నారని అన్నయ్యగారూ!”

రబ్బీ ఆ గరిటెడూ తిన్నాడు. యోకెవెద్ ఆయన చెవిలో ఏదో అంది. ఆయన గడ్డం ఊపి వద్దన్నాడు. ఆవిడ మళ్ళీ అంది. ఆయన ఈసారి గట్టిగా ఊపాడు. పెనీనాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ‘ఈ ఇంటి పద్ధతి బాగాలేదు, లేద్దాం పదండి అంటోంది ఆవిడ. మర్యాద కోసం ఆగుదామంటున్నాడు ఆయన’ అనుకుని కంగారులో ఊరగాయ గిన్నె మొత్తం ఆయన ముందు పెట్టింది.

హదాస్ గిన్నెలు తీసే నెపంతో తల్లి దగ్గరకు వచ్చింది. “అమ్మా, మనం ముగ్గురం ఉన్నాం కదా, ఒక్క మాట చాలు...”

“ఒట్టు వేశావు!”

“మూడోవాడు ఉంటాడని నువ్వు చెబితే వేశాను.”

“వస్తాడు. మీ నాన్న తెస్తారు. నువ్వు నోరు మూసుకుని ఖర్జూరాలు పట్టుకెళ్ళు.”

చాలాసేపటికి నఫ్తాలి వచ్చాడు, మూతి తుడుచుకుంటూ, ఒంటరిగా. పెనీనా వంటింటి గుమ్మంలోనే అడ్డుపడింది.

“మనిషేడీ?”

“కింద బుజగ్లో ఇంటికి వెళ్ళాను. పాపం, వాళ్ళింట్లోనూ ఇద్దరే మగవాళ్ళు. నన్ను చూడగానే ‘దేవుడు పంపినట్టు వచ్చావు నఫ్తాలీ’ అని చేతులు కడిగించి, రొట్టె ముక్క నోట్లో పెట్టారు. కాదంటే బాగుండదు కదా?”

“అయితే?”

“వాళ్ళతో కలిసి స్తుతి చెప్పేశాను.”

పెనీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మనిషిని తెమ్మంటే మీరే చెల్లిపోయి వచ్చారా! ఉన్న ఇద్దరిలో ఒకరు తగ్గారు!”

“నేను మళ్ళీ తింటానే. బుజగ్లోని కూడా రమ్మన్నాను, కానీ ఆయన అప్పటికే మంచమెక్కాడు.”

“మళ్ళీ వెళ్ళండి. వీధిలో, మందిరంలో, ఎక్కడైనా సరే. మా ఇంట్లో మగవాళ్ళు చాలడంలేదు, వెంటనే రండి అని చెప్పండి. వట్టి చేతులతో వచ్చారంటే ఆ మెట్లమీదే ఉండండి!”

నఫ్తాలి భయపడి పరుగెత్తాడు. భార్య చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా మార్చకుండా వీధిలో అందరికీ చెప్పుకుంటూ పోయాడు. సబ్బాతు మధ్యాహ్నం, ముఖం పాలిపోయిన మనిషి, మా ఇంట్లో మగవాళ్ళు చాలడంలేదని తలుపులు కొడుతుంటే కటమోన్ వీధిలో ఎవరైనా ఏమనుకుంటారు? చావింటి ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు ఉండాలి, అందుకే అనుకున్నారు. మరీ ఆ పూట ఏం జరిగిందని అడగడం ఎవరికీ మనసొప్పలేదు. చెప్పులు వేసుకుని మౌనంగా వెంట నడిచారు. బుజగ్లో కూడా మంచం దిగాడు.

ఇక్కడ ఇంట్లో రొట్టె అయిపోయింది. చివరి ముక్క రబ్బీ చేతిలో ఉంది. ఆయన దాన్ని నోటి దాకా తెచ్చి, కాసేపు చూసి, మెల్లగా పళ్ళెంలో పెట్టేశాడు. నుదుటి మీద చెమట పట్టింది.

“చెల్లెమ్మా, ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోరు కదా?”

అయిపోయింది అనుకుంది పెనీనా. సంబంధం, పళ్ళెం, కూతురి ముఖంలో నవ్వు, అన్నీ ఒక్కసారే పోయాయి. “అడగండి అన్నయ్యగారూ.”

“మీ ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురున్నా పిలుపు పలకరా?”

“ప్రాణం పోయినా పలకం!” అంది పెనీనా. “మా అమ్మాయి ఎక్కడో నాలుగు అక్షరాలు నేర్చుకుంది గానీ, నా మాట దాటదండీ. మీరు ఆ విషయంలో ఏ అనుమానమూ పెట్టుకోవద్దు!”

రబ్బీ ముఖం వాడిపోయింది. యోకెవెద్ మాత్రం ఇంక ఆగలేదు.

“ఇప్పుడైనా చెప్పండి! లేకపోతే నేనే చెబుతాను. వదినగారూ, మాకు నలుగురు ఆడపిల్లలు. ఒక్కగానొక్క కొడుకు ప్రతి సబ్బాతూ ఇలాగే సగం భోజనంలో లేచిపోతాడు. అప్పుడు బల్ల దగ్గర మిగిలే మగమనిషి ఈయనొక్కరే. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పిలుపు నాదే. పిల్లలు బదులు పలుకుతారు, ఈయన ఆమెన్ అంటారు.”

“శాస్త్రంలో ఉన్నదే కదా” అన్నాడు రబ్బీ నేరం చేసినవాడిలా. “కానీ మీరు కట్టుదిట్టమైన మనుషులని విన్నాం. మా పద్ధతి చూసి సంబంధం వద్దంటారేమోనని దీన్ని నోరెత్తొద్దన్నాను. మీరు వడ్డిస్తూనే ఉన్నారు. ఇందాకటి నుంచి నేను తిన్నది ఆకలితో కాదమ్మా, భయంతో.”

హదాస్ పకపకా నవ్వింది. పెనీనాకు నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీలో కూలబడింది. ఇంతసేపూ తను ఎవరిని చూసి వణికిందో, ఆయన తనను చూసి వణుకుతూ కూర్చున్నాడు. ఆయన మీద ఒక్కసారిగా జాలి, ప్రేమ పొంగుకొచ్చాయి.

“అయితే నువ్వే పలుకు హదాస్” అంది.

“ఇంటి ఇల్లాలు ఉండగా అమ్మాయి దేనికి?” అంది యోకెవెద్. “మీరు పిలవండి వదినగారూ.”

“నేనా? నాకు రాదండీ! ఎప్పుడూ పలకలేదు.”

“ఇంతకాలం బదులు పలికారు కదా. ఆ మాటలే ముందు మీరంటారు.”

పెనీనా చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తీసి బల్ల మీద పెట్టుకుంది. “రండి,” అంది. “స్తుతిద్దాం.” రెండు గొంతులు బదులు పలికాయి. చిన్నప్పటినుంచీ విన్న మాటలే అయినా, తను పిలిస్తే ఎవరో పలకడం ఆమెకు అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రబ్బీ కళ్ళు మూసుకుని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

నఫ్తాలి తలుపు తీసుకుని వచ్చేసరికి స్తుతి సగంలో ఉంది. వెనకాల తొమ్మిది మంది మగవాళ్ళు, తలలు దించుకుని, మెట్ల మీదా గుమ్మంలోనూ నిండిపోయారు. హదాస్ పెదవుల మీద వేలు పెట్టింది. స్తుతి చివరిదాకా ఒక్కరూ కిక్కురుమనలేదు.

ఆఖరి ఆమెన్ అయ్యాక బుజగ్లో ముందుకు వచ్చి, పెనీనా తడి కళ్ళు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఎవరు పోయారమ్మా?”

“ఇప్పటికైతే ఎవరూ పోలేదు నాయనా” అన్నాడు రబ్బీ ఎల్యాకీం పొట్ట పట్టుకుని. “ఇంకో గరిటె వడ్డిస్తే నేనే.”